గోదావరి ఫొటోలను ఊరికే ఎందుకు ఇస్తున్నాను

2011 జనవరిలో, సంక్రాంతి సెలవుల చివరి రోజున, పాపికొండలకు వెళ్లే లాంచీ పై డెక్కు మీద నిలబడి నేనొక ఫొటో తీశాను. మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. నది ఏ రంగూ లేనట్టుగా పరుచుకుని ఉంది. దాని వెనుక కొండలు వరుస వెంట వరుసగా పలచబడుతూ పోయి, చివరి వరుస ఆకాశంలో కలిసిపోయేంత లేతగా కనిపిస్తోంది. ఆ ఉదయం నా కళ్లు చూసింది ఆ వరుసలనే. ఫ్రేములో కింద, ఎడమ మూలన, ఇసుక ఒడ్డు మీద పది పన్నెండు ఇళ్లు, ఒక పెద్ద చింతచెట్టు, రేవులో బోర్లించిన నాటుపడవ కూడా పడ్డాయి. ఊరి పేరేమిటని సరంగును అడిగి, జేబులో ఉన్న టికెట్టు వెనుక రాసుకున్నాను.

పదకొండేళ్ల తరువాత ఒక సాయంత్రం ఫోను వచ్చింది. "ఏవండీ, చింతచెట్టు పక్కన ఇళ్లున్న ఫొటో తీసింది మీరేనాండీ?" అని అడిగిన పెద్దాయన ఆ ఊరివారు. పోలవరం ప్రాజెక్టు కోసం గోదావరికి అడ్డంగా కట్టిన తాత్కాలిక కట్ట, అంటే కాఫర్ డ్యామ్, వెనుక నీరు నిలవడం మొదలయ్యాక దేవీపట్నం మండలంలోని ఊళ్లు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. వారి కుటుంబం కూడా అలాగే పునరావాస కాలనీకి చేరింది. కొడుకు తన ఫోనులో ఊరి పేరు తెలుగులో కొట్టి వెతికితే వికీపీడియాలో నా ఫొటో కనబడిందట. దాని కింద ఉన్న నా పేరు పట్టుకుని, మెయిలు రాసి, నంబరు తీసుకున్నారు. కొత్త ఇంటి ముందుగదిలో పెట్టుకోవడానికి పెద్ద ఫొటో కావాలని, ఎంతవుతుందో చెప్పమని ఆయన అడిగారు. డబ్బులేమీ వద్దని, పెద్ద ఫైలు అక్కడే ఉందని, ఏ స్టూడియోకు తీసుకువెళ్లినా ప్రింటు వేసి ఇస్తారని చెప్పాను. "ఊరికేనాండీ?" అని రెండుసార్లు అడిగారు. "ఊరికేనండీ" అని నేనూ రెండుసార్లు చెప్పాను.

ఆ ఫోను పెట్టేసిన తరువాత, అంతవరకు అలవాటుగా చేస్తూ వచ్చిన ఒక పని గురించి నాకు స్థిరమైన అభిప్రాయం ఏర్పడింది. అభిరుచి కొద్దీ ప్రకృతి దృశ్యాలను తీసేవారు, అంటే ఇంకో ఉద్యోగంతో ఇల్లు గడుపుకుంటూ సెలవు రోజుల్లో కెమెరా భుజాన వేసుకునే నాబోటివారు, తమ ఫొటోలను పూర్తి సైజులో, చోటు పేరుతో, తేదీతో, ఎవరైనా వాడుకోవచ్చన్న రాతపూర్వకమైన అనుమతితో ప్రజలకు ఇచ్చేయాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఇచ్చినట్టు కాదు. ఎందుకంటే మనం ప్రకృతి దృశ్యమని పేరు పెట్టుకున్నది ఎవరో ఒకరి ఇంటి ముంగిలి, ఎవరో ఒకరి పశువులు దిగే రేవు. మనకు అది ఒక ఉదయపు వెలుగు. వారికి అది పుట్టినచోటు. పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు, ఆ గీతకు కింద ఉన్న ఒడ్డులన్నీ ఏదో ఒక రోజు నీటి అడుగుకు పోవలసినవే. అలాంటి చోట తీసిన ఫొటోను, కెమెరా నాది గనుక ఫొటో కూడా నా ఒక్కడిదేనని బీరువాలో పెట్టుకోవడానికి నాకు మనసొప్పదు.

"కష్టపడి తీసినదాన్ని ఊరికే ఎందుకివ్వాలి?" అని నా తోటి ఫొటోగ్రాఫర్లు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కెమెరాకు, లెన్సులకు, పెట్రోలుకు, తెల్లవారుజామున మూడింటికి లేచిన రోజులకు లెక్క కట్టాలంటే కట్టవచ్చు. అయితే ఆ ఖర్చు నేను పెట్టింది అక్కడికి వెళ్లి నిలబడడానికి, చూడడానికి. ఎవరూ కొనకపోయినా నేను వెళ్లేవాడినే. అమ్మే ప్రయత్నం కూడా చేయకపోలేదు. మూడేళ్ల పాటు ఒక అమ్మకాల సైటులో 140 ఫొటోలు పెట్టాను. వచ్చిన మొత్తం ఒక మంచి ఫిల్టరు కొనడానికి సరిపోలేదు. ఆ మూడేళ్లూ ఆ 140 ఫొటోల మీద అడ్డంగా నా పేరు, వాటర్‌మార్కు ఉండేవి. చింతచెట్టు ఫొటో కూడా అందులోనే ఉండేది. దాన్ని ఆ రూపంలోనే వదిలేసి ఉంటే ఆ పెద్దాయన కొడుకుకు అది కనబడేది కాదు, కనబడినా ఊరి మీద నా పేరే కనబడేది.

ఇక అనుమతి సంగతి. ఇంటర్నెట్‌లో పెట్టేశాక ఫొటో అందరిదీ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. వాడుకలో జరుగుతున్నది అదే గాని, చట్టం అలా చెప్పదు. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని ప్రకారం షట్టరు నొక్కిన క్షణమే హక్కు పుడుతుంది. ఎక్కడా నమోదు చేయించనక్కరలేదు, ఫొటో మీద ఏమీ రాయనక్కరలేదు. 2012 సవరణకు ముందు ఫొటోలకు ప్రచురణ తరువాత 60 ఏళ్ల రక్షణ ఉండేది. ఆ సవరణతో ఫొటోలు కూడా కథలు, కవితల లెక్కలోకి వచ్చి, తీసిన మనిషి జీవితకాలమూ, ఆపైన మరో 60 ఏళ్లూ హక్కు కొనసాగుతోంది. నేను 1974లో పుట్టాను. ఎనభై ఏళ్లు బతికి 2054లో పోయాననుకుంటే, నా గోదావరి ఫొటోల మీద హక్కు 2114 డిసెంబరు చివరి దాకా ఉంటుంది. అప్పటికి నా మనవల పిల్లలు కూడా పెద్దవాళ్లయి ఉంటారు. గోదావరి ఒడ్డున ఒకప్పుడు ఒక ఊరు ఎలా ఉండేదో పుస్తకంలో చూపించదలచిన ఉపాధ్యాయుడెవరైనా, నా పేరు కూడా విని ఉండని ఆ పిల్లలను వెతికి పట్టుకుని అనుమతి అడగాలి. అడగడానికి మనిషి దొరకడు. దొరకనప్పుడు చట్టమంటే గౌరవమున్నవారు ఆ ఫొటోను వదిలేస్తారు, లేనివారు ఎలాగూ వాడుకుంటారు. అంటే ఏమీ రాయకుండా వదిలేసిన ఫొటో, ఎవరికి దక్కాలో సరిగ్గా వారికే దక్కకుండా పోతుంది.

రాజా దీన్‌దయాళ్ తీసిన నిజాం కాలపు హైదరాబాదు ఫొటోలను ఇవాళ ఎవరైనా అచ్చు వేసుకోగలుగుతున్నారు. ఆయన 1905లో మరణించారు, హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది. ఆయన గాజుపలకల నెగటివులు రెండు వేల ఎనిమిది వందలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఆ రెండు సంగతులూ కలిస్తేనే అవి మనదాకా వచ్చాయి: దాచే చోటు ఒకటి ఉంది, వాడుకోవడానికి అడ్డు లేదు. నా ఫొటోలున్నది హార్డ్ డిస్కుల్లో. ఇప్పటికే రెండు పాడైపోయాయి. గాజుపలకకు ఉన్న ఆయుష్షు వాటికి లేదు. పదిమంది చేతుల్లోకి, పది చోట్లకు వెళ్లిన ఫైలు బతుకుతుంది గాని, నా మేజా సొరుగులో ఉన్నది బతుకుతుందని నేను హామీ ఇవ్వలేను.

ఆ అనుమతిని ఎలా రాయాలన్న ప్రశ్నకు క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ తయారుచేసిన లైసెన్సులు, అంటే ఎవరైనా వాడుకోగల సిద్ధ అనుమతి పత్రాలు, 2002 చివర్లోనే సమాధానం చెప్పాయి. ఒక్క వాక్యంలో, వకీలు అవసరం లేకుండా, ఏ షరతు మీద ఇస్తున్నామో చెప్పవచ్చు. నేను మొదట్లో, అంటే 2009 ప్రాంతంలో, వ్యాపారానికి వాడుకోకూడదన్న షరతు ఉన్న లైసెన్సును ఎంచుకున్నాను. దానితో దురాశాపరులు ఆగుతారనుకున్నాను. ఆగింది వాళ్లు కాదు. చందాలు సరిపోక ప్రతికి ఇరవై రూపాయలు పెట్టి అమ్ముకునే చిన్న పత్రిక సంపాదకుడు ఆగిపోయారు, ఇరవై రూపాయలు తీసుకుంటున్నాం గనుక అది వ్యాపారమేనేమోనని సందేహించి. తన లాంచీకి ఒక కరపత్రం వేయించుకుందామనుకున్న యజమాని ఆగిపోయారు. అన్నిటికంటె ముఖ్యంగా వికీమీడియా కామన్స్ ఆగిపోయింది. 2004లో మొదలైన ఆ ఉచిత చిత్రాల భాండాగారం వ్యాపార వినియోగాన్ని నిషేధించే లైసెన్సులను, మార్పులను నిషేధించే లైసెన్సులను తీసుకోదు. తెలుగు వికీపీడియాలో మన గ్రామాల మీద వేల పేజీలున్నాయి. వాటిలో చాలా పేజీల్లో మండలం పేరు, జనాభా, పంటల వివరాలుంటాయి గాని, ఊరు ఎలా ఉంటుందో చూపే ఒక్క బొమ్మ కూడా ఉండదు. ఆ ఖాళీలను నింపగల ఫొటోలు నా దగ్గర ఉండి, నేను పెట్టిన షరతు వల్లనే అక్కడికి చేరలేకపోతున్నాయని తెలిసినప్పుడు బాధ కలిగింది.

లైసెన్సుల నాలుగో కూర్పు 2013 నవంబరులో వచ్చింది. ఆ మరుసటి సంవత్సరం నా ఫొటోలన్నిటినీ అందులోని అట్రిబ్యూషన్ షేర్‌అలైక్ లైసెన్సులోకి మార్చాను. దాని అర్థం సులువైనదే. తీసినవారి పేరు చెప్పాలి, మార్పు చేస్తే చేశామని చెప్పాలి, మార్చినదాన్ని మళ్లీ ఇదే షరతుతో పంచాలి. వాడుకునేది బడిపిల్లవాడా, పెద్ద కంపెనీయా అన్నది చూడదు. ఇక్కడ కొత్తవారికి ఒక హెచ్చరిక చెప్పకపోతే తప్పవుతుంది: ఈ లైసెన్సు ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడానికి లేదు. రేపు మనసు మారి ఫొటో తొలగించినా, అప్పటికే తీసుకున్నవారికి ఆ హక్కు అలాగే ఉంటుంది. అందుకని ఏ ఫొటో ఇవ్వాలో ఇచ్చే ముందే ఆలోచించుకోవాలి. ఒడ్డున స్నానం చేస్తున్నవారు, ముఖాలు గుర్తుపట్టేంత దగ్గరగా ఉన్న పిల్లలు పడిన ఫొటోలను నేను ఇందులో చేర్చను. కొండకు ముఖం లేదు. మనిషికి ఉంది.

అసలు హక్కులన్నీ వదిలేసుకుని, పేరు కూడా అడగకుండా ఇచ్చేస్తే ఇంకా ఉదారంగా ఉంటుంది కదా అని ఒక మిత్రుడు అన్నాడు. నేను అలా చేయకపోవడానికి కారణం అమెరికాలో జరిగిన ఒక వ్యవహారం. కరోల్ హైస్మిత్ అనే ఫొటోగ్రాఫర్ తమ దేశపు ఊళ్లను, రోడ్లను, కట్టడాలను తీసిన వేలాది ఫొటోలను అక్కడి ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ప్రజల ఉపయోగం కోసం ఇచ్చేశారు. తన ఫొటోను తన సొంత వెబ్‌సైటులో పెట్టుకున్నందుకు 120 డాలర్లు కట్టమని, ఆ ఫొటోలను అమ్ముతున్న ఒక సంస్థ తరఫున ఆమెకే నోటీసు వచ్చింది. 2016లో ఆమె ఫొటోలు అమ్మే సంస్థల మీద వంద కోట్ల డాలర్లకు దావా వేశారు. కాపీరైటు కింద చేసిన ప్రధానమైన వాదనలు కోర్టులో నిలబడలేదు, మిగిలినవి రాజీతో ముగిశాయి. అందరికీ చెందిన ఫొటోను ఎవరైనా అమ్ముకోవచ్చు కూడా. అది ఆ ఉదారతలోనే ఉన్న చిక్కు. నేను పేరు అడగడం గొప్ప కోసం కాదు. పేరు ఉంటే దానిని పట్టుకుని మూలం దాకా రావచ్చు, మూలం దగ్గర ఊరి పేరు, తేదీ, పెద్ద ఫైలు ఉంటాయి. ఆ పెద్దాయన వచ్చింది ఆ దారినే.

సైటుల మంచితనం మీద ఆధారపడకూడదని కూడా ఈ పదిహేనేళ్లలో నేర్చుకున్నాను. అన్‌స్ప్లాష్ అనే ఉచిత ఫొటోల సైటు 2013లో మొదలైనప్పుడు అక్కడి ఫొటోలు ఏ షరతూ లేని సీసీ జీరో అనే క్రియేటివ్ కామన్స్ అనుమతి కింద ఉండేవి. 2017లో సొంత లైసెన్సుకు మారింది. 2021లో ఫొటోలు అమ్మే గెట్టీ ఇమేజెస్ సంస్థ దాన్ని కొనుగోలు చేసింది. ఇందులో అన్యాయం ఉందని నేననడం లేదు. సైటు చేతులు మారుతుంది, నియమాలు మారతాయి. ఫొటోతో పాటు నడిచే లైసెన్సు వాక్యం మాత్రం మారదు.

సైజు గురించి మాట్లాడితే కొందరికి అది యంత్రాల ముచ్చటగా తోస్తుంది. నాకు అది మనుషుల ముచ్చటగానే అర్థమైంది. మన దగ్గర ఫొటో పంచుకోవడమంటే వాట్సాప్‌లో పంపడమే. మామూలు పద్ధతిలో పంపగానే ఫొటో పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది, తీసిన తేదీ, కెమెరా వివరాలు రాలిపోతాయి. మూడోసారి చేతులు మారేసరికి అది ఏ ఊరో, ఏ ఏడాదో చెప్పే ఆధారం ఏదీ మిగలదు. 2011లో నా దగ్గర ఉన్నది 18 మెగాపిక్సెళ్ల కెమెరా. దాని ఫైలు పొడవు 5184 పిక్సెళ్లు. మన స్టూడియోల్లో వేసే 12×18 అంగుళాల ప్రింటుకు అది చక్కగా సరిపోతుంది. ఆ పెద్దాయన వేయించింది కూడా ఆ సైజే. గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లాను.

ప్రింటు గోడకు తగిలించి ఉంది. ఆయన దగ్గరగా వెళ్లి, చూపుడువేలు గాజుకు ఆనీ ఆననట్టు పెట్టి, చింతచెట్టుకు కుడివైపున ఉన్న ఒక తెల్లని మచ్చను చూపించారు. ఎడిట్ చేస్తున్నప్పుడు ఆ మచ్చను నేను గమనించాను. సెన్సరు మీద దుమ్మేమోనని చెరిపేయబోయి, పెద్దది చేసి చూసి, ఏదో గుడ్డలే అనుకుని వదిలేశాను. "అది మా నాన్నగారి పంచండీ. స్నానం చేసొచ్చి ఆ దండెం మీదే ఆరేసేవారు. ఆయనింక లేరు" అన్నారు. పెద్ద ఫైలులో ఆ పంచె వెడల్పు నలభై పిక్సెళ్లు. వాట్సాప్ కాపీలో పన్నెండు. పన్నెండు పిక్సెళ్ల తెలుపును చూసి ఎవరూ అది తన తండ్రి పంచె అని పోల్చుకోలేరు. చిన్న సైజు అందరికీ, పెద్దది కొన్నవారికి అనే పద్ధతిని నేను ఆ రోజు నుంచి సమర్థించలేకపోతున్నాను.

ఇచ్చినందువల్ల నొచ్చుకున్న సందర్భం లేకపోలేదు. ఒక వ్యాపార సంస్థ తన కొత్త సంవత్సరపు క్యాలెండరులో ఇదే ఫొటోను వేసుకుంది. బంధువుల ఇంట్లో గోడ మీద చూశాను. మంచు తీసేసి ఆకాశాన్ని నీలంగా చేశారు, ఎడమ మూలన ఉన్న ఊరిని కత్తిరించి ఆ చోట తమ ముద్ర వేశారు. నా పేరు లేదు, చోటు పేరూ లేదు, కింద "ప్రకృతి అందాలు" అని మాత్రం ఉంది. వ్యాపారానికి వాడుకున్నారని నాకు కోపం రాలేదు, ఆ అనుమతి నేనిచ్చిందే. కత్తిరించడానికీ అనుమతి ఉంది. ఊరిని తీసేసి, తీసేశామని చెప్పకపోవడం, ఎక్కడిదో రాయకపోవడం నన్ను కలతపెట్టాయి. మెయిలు రాస్తే వెంటనే ఎంత కావాలని అడిగారు. డబ్బు వద్దని, పేరు, చోటు, మార్పు చేసిన సంగతి రాయాలని జవాబిచ్చాను. ఆ నాలుగో కూర్పు లైసెన్సులో ఒక మంచి నిబంధన ఉంది: షరతు తప్పినవారికి ఆ క్షణమే హక్కు రద్దవుతుంది గాని, తప్పు తెలిసిన 30 రోజుల్లోగా సరిదిద్దుకుంటే తిరిగి వస్తుంది. ఆ వాక్యాన్ని వారికి పంపాను. అచ్చయిపోయిన క్యాలెండర్లను ఏమీ చేయలేకపోయారు, వెబ్‌సైటులో సరిచేశారు. పొరపాటు చేసినవారికి నోటీసులు పంపి సొమ్ము వసూలు చేయడమే పనిగా పెట్టుకునేవారు కొన్ని దేశాల్లో ఉన్నారు. ఉచితమని ఆశ చూపి ఉచ్చు వేయడమే అది; ఇచ్చే మనసున్నవారు చేయదగిన పని కాదు.

ఫొటోలు తీయడమే జీవనంగా ఉన్నవారి పొట్ట కొడుతున్నానా అన్నది నన్ను ఎక్కువకాలం వేధించిన ప్రశ్న. రాజమహేంద్రవరంలో నాకు తెలిసిన స్టూడియో వారి రాబడి పెళ్లిళ్ల మీద, పుట్టినరోజుల మీద, పాస్‌పోర్టు ఫొటోల మీద నడుస్తుంది. గోదావరి మీద సూర్యాస్తమయం ఎవరికీ బియ్యం తెచ్చిపెట్టడం లేదు. అయినా ప్రకృతి దృశ్యాల మీదే బతికేవారు కొద్దిమంది ఉన్నారు, వారి బాధ నిజమైనది. అందుకని నేనొక నియమం పెట్టుకున్నాను. తీసి ఉన్న ఫొటో ఎవరికైనా ఉచితం. ఫలానా చోటికి వెళ్లి, ఫలానా విధంగా తీసి పెట్టమని అడిగితే మాత్రం అది పని, పనికి కూలి ఉండాలి. ఆ పని నేను తీసుకోను, జీతం వచ్చేవాడిని గనుక. అడిగినవారికి ఆ వృత్తిలో ఉన్నవారి పేరు చెప్పి, వారి రేటు తగ్గించమని అడగవద్దని కూడా చెబుతాను. ఒక హోటలువారు తమ గదుల కిటికీల్లోంచి నది కనబడేలా తీసి పెట్టమని, పేరు వేస్తామని అన్నప్పుడు నేను చేసింది అదే. పేరు ఆశ చూపి ఉచితంగా పని చేయించుకునేవారికి అభిరుచి ఫొటోగ్రాఫర్లు లొంగిపోవడం వల్లే ఆ వృత్తికి దెబ్బ తగులుతోంది. పాత ఫొటోలు పంచడానికీ దానికీ చాలా దూరం ఉంది.

నా వాదానికి ఎదురుగా ఉన్న అన్నిటిలోకి బలమైన అభ్యంతరం వేరే ఉంది. వంజంగి కొండ మీద తెల్లవారుజామున మేఘాలు పాదాల కింద పరుచుకునే దృశ్యం పాడేరు చుట్టుపక్కల వారికి ఎప్పటినుంచో తెలిసినదే. ఫొటోలు, వీడియోలు ఫోన్లలో తిరగడం మొదలయ్యాక శీతాకాలపు వారాంతాల్లో అక్కడ జనం, వాహనాలు, వారు వదిలివెళ్లే ప్లాస్టిక్కు సీసాలు పెరిగాయి. లంబసింగిదీ అదే కథ. ఫొటో పెట్టిన ప్రతి ఒక్కరికీ ఇందులో భాగం ఉంది, నాకూ ఉంది. కాబట్టి చోటు పేరు చెప్పాలన్న నా మాటకు ఒక పరిమితి పెట్టుకున్నాను. దారీ, ఊరూ, పేరూ ఇప్పటికే ఉన్న చోట్లకు పూర్తి వివరం రాస్తాను. అడవిలోని చిన్న వాగులు, పక్షులు గూళ్లు కట్టుకునే చెట్లు, తొక్కితే చెడిపోయే నేలలు పడిన ఫొటోలకు మండలం పేరుతో ఆపేసి, ఫైలులో దాగి ఉండే జీపీఎస్ వివరాన్ని పంచే ముందే తీసేస్తాను. ఫోనుతో తీసేవారు ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి, ఎందుకంటే చాలా ఫోన్లు ఆ వివరాన్ని అడగకుండానే రాసిపెడతాయి.

అలాగని అంతా దాచిపెడితే చోట్లు బతుకుతాయనీ నేను నమ్మను. విశాఖపట్నానికీ భీమిలికీ మధ్యనున్న ఎర్రమట్టి దిబ్బలను భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. వానకు కోసుకుపోయి ఏర్పడిన ఆ ఎర్రటి గండ్లు ఏటా కొద్దికొద్దిగా మారుతూనే ఉంటాయి. ఏ గండి వానవల్ల లోతైంది, ఏ అంచును మనిషి తవ్వాడు అన్న వివాదం వచ్చినప్పుడు, ఫలానా సంవత్సరంలో ఫలానా చోటు నుంచి తీసినదని రాసి ఉన్న ఫొటో ఒకటి ఎవరికైనా అందుబాటులో ఉండాలి. అది అందమైన ఫొటో కానక్కరలేదు. నేను ఆ దిబ్బల్లో తీసినవాటిలో నాకు బాగా నచ్చినది సాయంత్రపు ఎండలో మండుతున్నట్టున్న ఒక గోడ. ఉపయోగపడగలది మాత్రం మధ్యాహ్నపు చదును వెలుగులో తీసిన, ఏ ఆకర్షణా లేని విశాలమైన ఫ్రేము. రెండూ పంచాను.

దీనివల్ల నా ఎడిటింగు కూడా మారింది. ఈ రోజుల్లో ఒక్క మీట నొక్కితే మబ్బులేని ఆకాశంలో మబ్బులు వస్తాయి, కరెంటు తీగలు మాయమవుతాయి, ఎక్కడా లేని జలపాతం కొండ మీద పుడుతుంది. గోడకు పెట్టుకునే బొమ్మగా అది ఎవరిష్టం వారిది. ఊరి పేరు, తేదీ రాసి పదిమందికి ఇచ్చే ఫొటోలో మాత్రం ఆకాశం మార్చడం అబద్ధపు సాక్ష్యం చెప్పడమే. వెలుగునీడలు సరిచేస్తాను, వంకరగా ఉన్న నీటి గీతను సమం చేస్తాను, అంతటితో ఆపుతాను. తెల్లని మచ్చలను చెరపడం మానేశాను.

గృహప్రవేశం నాడు ఆ ఇంట్లో భోజనాలయ్యాక పెద్దాయన, ఆయన అన్నగారు, చుట్టుపక్కల ఇళ్లనుంచి వచ్చిన మరో నలుగురైదుగురు ఫొటో ముందు నిలబడ్డారు. ఎవరి ఇల్లు ఏదో చెప్పుకుంటూ, ఒకరు పొరబడితే ఇంకొకరు దిద్దుతూ, చాలాసేపు ఆ ఎడమ మూలనే చూశారు. నేను చూసి తీసిన కొండల వరుసల వైపు వేలు వెళ్లినప్పుడు వాటికీ పేర్లున్నాయని తెలిసింది. పక్కనున్న అబ్బాయిని కాగితం అడిగి తీసుకుని రాసుకున్నాను. ఆ రాత్రే ఇంటికి వచ్చి ఫొటో వివరణను మార్చాను. అంతకుముందు అందులో ఊరి పేరు, మండలం, తేదీ, "మంచులో పాపికొండలు" అన్న రెండు మాటలు ఉండేవి. ఇప్పుడు రేవు పేరు, చింతచెట్టుకు ఊరివారు పెట్టుకున్న పేరు, రెండు కొండల పేర్లు, పడవ ఏ ఇంటిదో, అన్నీ తెలుగులో ఉన్నాయి.

అటువంటి ఫొటోలు 2008 నుంచి 2019 వరకు ఆ దారిలో తీసినవి నా దగ్గర 340 ఉన్నాయి. టికెట్టు వెనుక పేరు రాసుకోని రోజులే ఎక్కువ. రెండేళ్లుగా వాటిని 12×18 ప్రింట్లుగా కాకుండా చిన్న కార్డు సైజులో వేయించి, ఒక్కో సెలవుకు ఒక్కో కాలనీకి పట్టుకువెళుతున్నాను. లాంచీ నడిపి మానేసిన ఒక సరంగు నాతో వస్తున్నారు. ఒడ్డు వంపు చూసి ఏ ఊరికి ఎంత దూరంలో తీసిందో ఆయన చెప్పగలరు. ఇప్పటికి 62 ఫొటోలకు పేర్లు కుదిరాయి. మిగిలినవాటిలో ఒకటి మొన్న ఆయనకు చూపించాను, నీటి మధ్య ఒక ఇసుక తిన్నె, దాని మీద నాలుగు కొంగలు తప్ప ఏమీ లేవు. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "వెనకాల కొండ మొన కనబడతందే, దాన్ని బట్టి చెప్పొచ్చండీ. ఇది నా దగ్గరుంచండి, మా అన్నయ్యని అడిగి చెబుతాను" అని కార్డును చొక్కా జేబులో పెట్టుకున్నారు.